ఎడమచేతి అతుకు

ఫ్రిజ్ కూడానా అని అడిగారు టీచరుగారు, ఫ్రిజ్ కూడానండీ అన్నాను, ఫ్యాన్లు, గోడ గడియారం, నీళ్ళ మోటారు, పైనా కిందా కుళాయిలు అన్నీ ఆగాలి, ఒక గంటసేపు ఈ ఇంట్లో ఎవరూ నడవకూడదు, మాట్లాడకూడదు, దగ్గొస్తే దిండులో మొహం దాచుకుని దగ్గాలి. ముప్ఫై నాలుగేళ్ళు తరగతి గదుల్లో పిల్లల నోళ్ళు మూయించిన లెక్కల టీచరు, ఇవాళ తన నోటికే తాళం వేసుకోమనేసరికి వింతగా ఉన్నట్టుంది, కుర్చీ లాగబోయి, చప్పుడవుతుందని గుర్తొచ్చి, రెండు చేతులతో ఎత్తి పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ భర్త ముందుగదిలో పేపరు మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకున్నారు. పైవాటాలో ఉండేది ఆవిడ తోడికోడలు, ఆసుపత్రిలో నర్సు, నన్ను పిలిపించింది ఆవిడే, రాత్రి డ్యూటీ చేసి పొద్దున ఎనిమిదింటికి వచ్చింది, అయినా మంచం మీంచి కాలు కింద పెట్టను, మీరు కానివ్వండి అని మాట ఇచ్చింది. సరే, పది కొట్టింది, పదకొండు దాకా ఇల్లు నాది. నిచ్చెన మూడో మెట్టెక్కి, హెడ్‌ఫోన్లు చెవులకి బిగించి, సబ్బుబిళ్ళంత మైకుని వంటగది గోడకి ఆనించాను.

మొదట వినిపించేది నా గుండే, ఎప్పుడూ అంతే, పనిలో దిగిన కొత్తలో దాన్నే లీకు అనుకుని ఒకరింట్లో మంచి గోడకి గీత గీసొచ్చాను, ఇప్పుడు దాన్ని పక్కింటివాళ్ళ రేడియోలాగా పట్టించుకోను. గుండె తర్వాత నిచ్చెన సర్దుకోవడం, దాని తర్వాత ఎక్కడో దూరంగా వీధిలో స్కూటరు, ఆ తర్వాత గోడ. గోడలన్నీ ఒకలాగా ఉండవు, ఇటుక గోడ దుప్పటి కప్పుకున్నట్టు మూగగా ఉంటుంది, సిమెంటు గోడ చిన్న మాటని కూడా ఊరంతా చాటుతుంది, ఈ గోడ ఇటుకే, పాత ఇటుక, బాగా కాలింది. నాకు తెలుసు. ఈ గోడ పచ్చిగా ఉన్నప్పుడు చూశాను నేను. కింది వాటాకి పైపులు వేసింది మా మామయ్యే, ఇరవై ఆరేళ్ళ కింద, పక్కన టార్చి పట్టుకుని నిలబడింది నేను. పొద్దున గేటు ముందు వ్యాను ఆపి, రంగు మారి, ముందు మెట్లు మారి, పైన ఇంకో అంతస్తు లేచిన ఈ ఇంటిని ఒక నిమిషం పోల్చుకోలేదు గానీ, వంటగది కిటికీ చూడగానే, ఇది మనదే కదా అనిపించింది, లోపల్లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది, దాచుకోవడం ఎందుకు. మామయ్య వేసిన లైను కారదు. పైవాటా పైపులు పన్నెండేళ్ళ కింద ఎవరో వేరే ప్లంబరు వేసినవి. ఇంకేముంది, లీకు పైదే, ఎక్కడో చూపిస్తే చాలు అనుకుంటూ నిచ్చెన దింపాను.

గుమ్మంలో టీచరుగారు అడిగిన మొదటి మాట, మీరు ఆవిడ తరఫునా అని. నేను నీళ్ళ తరఫునండీ అన్నాను. ఆవిడ నవ్వలేదు, కానీ పక్కకి జరిగారు.

గోడ మీది చెమ్మ మచ్చ నా ముక్కుకి బెత్తెడు దూరంలో ఉంది. ఎనిమిది నెలల కింద ఇది బొత్తామంత ఉండేదట, తర్వాత పళ్ళెమంత అయింది, తర్వాత పైకప్పు మూల నుంచి కిందికి గడ్డం పెంచుకుంటూ దిగి, ఇప్పుడు స్విచ్చిబోర్డుకి జానెడు ఎత్తులో ఆగింది. పోయిన వారం టీచరుగారి భర్త తడిచేత్తో లైటు వెయ్యబోయి నాలుగడుగులు వెనక్కి పడ్డారు, బల్ల ఆపింది కాబట్టి సరిపోయింది. ఈ వంటగది మీద సరిగ్గా పైవాటా స్నానాలగది ఉంది, దాంతో ఎవరికీ అనుమానమే రాలేదు. మొదట వచ్చిన ప్లంబరు తల పైకెత్తి చూసి, పైబాత్రూమేనండీ, ఇందులో ఆలోచించేదేముంది అన్నాడట, చెవి పెట్టలేదు, వాల్వు కట్టలేదు, మర్నాడే సమ్మెట తెచ్చాడు. పన్నెండు రోజులు నర్సు ఇంట్లో స్నానాలగది లేదు, ఆవిడ ఆసుపత్రిలోనే స్నానం చేసి వచ్చేదట, మొగుడూ కూతురూ పక్కవీధి చుట్టాలింటికి తువ్వాళ్ళు భుజాన వేసుకుని వెళ్ళేవారట. కొత్త నేల వేశారు. ఎండలకి మచ్చ కాస్త వెలిసింది, హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ తేలింది. ఆ రోజే టీచరుగారు అన్నారట, మెట్ల దగ్గర నిలబడి, నీ ఇంట్లో నీళ్ళు ఎటు పారుతున్నాయో నీకెలా తెలుస్తుందిలే, నువ్వు ఇంట్లో ఉంటేగా అని. రాత్రుళ్ళు మేలుకుని పరాయివాళ్ళకి మందులిచ్చి వచ్చే మనిషిని ఆ మాట అన్నారు. మర్నాటి నుంచి నర్సు కింది వాటా గడప తొక్కలేదు, కూతురు హోంవర్కు కోసం దిగే అలవాటు కూడా ఆగిపోయింది. ఇదంతా నర్సు ఫోన్లో చెప్పింది, ఏడవకుండా, జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పింది. చివర్లో మాత్రం, రేపు తొమ్మిదింటికి మళ్ళీ పగలగొట్టేవాళ్ళు వస్తున్నారు, ఈసారి గోడ కూడా తీస్తారట, ఈలోపు మీరొకసారి వింటారా అంది. అందుకే ఇవాళ, అందుకే ఈ గంట.

కళ్ళు మూసుకున్నాను. మైకు పైకప్పు అంచుకి జరిపాను, ఏమీ లేదు. ఎడమకి జరిపాను, ఉంది, చాలా పల్చగా, సైకిలు ట్యూబుకి సూది గుచ్చితే గాలి పోయినట్టు, శ్ మని ఒకటే పాట, ఊపిరి తీసుకోని పాట. మనుషులు చేసే ఏ చప్పుడైనా మధ్యలో ఆగుతుంది, పోయే నీరు ఆగదు, దాన్ని పట్టుకునేది ఆ తేడాతోనే. మామయ్యకి ఈ పెట్టె లేదు, ఆయనది మూరెడు ఇనపచువ్వ, ఒక కొస గోడకి పెట్టి రెండో కొస చెవి వెనక ఎముకకి ఆనించి, నోరు కాస్త తెరిచి వినేవారు, నోరెందుకు తెరిచారు మామయ్యా అంటే, మూసుకుంటే నా పళ్ళ చప్పుడే వినపడుతుందమ్మాయ్ అనేవారు. ఆయన కొడుకు, అంటే మా ఆయన, బస్సు డ్రైవరు, పైపంటే ఒంటికి పడదు, తండ్రి పానా పట్టుకోరా అంటే మొహం అంత చేసుకునేవాడు, కాబట్టి కొడుక్కి రావలసిన పని దారి తప్పి కోడలికి వచ్చింది. మొదట్లో టార్చి పట్టుకోవడానికే వెళ్ళాను, తర్వాత పానా అందించడానికి, తర్వాత పానా తిప్పడానికి. ఆడమనిషి పానా పట్టిందేమిటని నవ్వినవాళ్ళే, ఇప్పుడు గోడ చెమ్మగిల్లితే ముందు నాకు ఫోన్ చేస్తారు. చెవులక్క అని పేరు పెట్టారు. పెట్టుకోనీ, ముక్కులక్క అనలేదు కదా.

శబ్దం దొరికింది, ఇక అది ఎవరి నీళ్ళో తేల్చాలి. నిచ్చెన దిగి, టీచరుగారికి చేత్తో సైగ చేసి, చెప్పులు విప్పి మెట్లెక్కాను. పైవాటా తలుపు తీసే ఉంది. నర్సు మంచం మీద గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది, యూనిఫాం కూడా మార్చుకోలేదు, తల ఒక పక్కకి వాలిపోయి ఉంది, నిద్ర. కాలు కింద పెట్టనన్న మాట మాత్రం తప్పలేదు, రెండు కాళ్ళూ మంచం మీదే ఉన్నాయి. స్నానాలగదిలో కొత్త పలకలు కనిపించాయి, గోడవి ఒక నీలం, నేలవి ఇంకో నీలం, తొందరలో కొన్నవి, ఎప్పటికీ కలవవు. డాబా మీద ట్యాంకు నుంచి రెండు పైపులు దిగుతాయి, ఒకటి పైవాటాకి, ఒకటి కిందికి. పైవాటా వాల్వు కట్టేశాను. పదినిమిషాలు ఆగాలి, లోపలి ఒత్తిడి పడిపోవాలి, డాబా గోడ మీద కూర్చుని పక్కింటి ఆరేసిన బట్టలు చూస్తూ, కిందికి దిగేసరికి పాట ఆగిపోయి ఉంటుంది, టీచరుగారికి చూపిస్తాను, ఫలానా చోట జానెడు కొడితే చాలు, గోడ తియ్యక్కర్లేదు అంటాను, నర్సుకి రెండోసారి నష్టం తప్పుతుంది, మధ్యాహ్నానికి ఇంటికి వెళ్ళిపోతాను అనుకున్నాను. లెక్క అంతా వేసేసుకున్నాను, జవాబు ముందే రాసుకుని.

కిందికి వచ్చి మైకు ఆనించాను. శ్ మంటూనే ఉంది.

చెయ్యి కదిలిందేమోనని మళ్ళీ ఆనించాను. అదే పాట, అదే సన్నం, చుక్క కూడా తగ్గలేదు. ఇంకోసారి పైకి వెళ్ళాను, ఈసారి నర్సు గదివైపు చూడకుండానే వెళ్ళాను, పైవాటా వాల్వు తెరిచి కిందివాటాది కట్టాను, దిగాను, ఆనించాను. పాట వణికింది. సన్నబడింది. పసిపిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రలోకి జారినట్టు ఆగిపోయింది. హెడ్‌ఫోన్లలో ఇక ఇల్లు మాత్రమే మిగిలింది, టీచరుగారి గాజు ఒకటి కుర్చీచేతికి తగిలిన చప్పుడు. లీకు కిందివాటాది. మామయ్య లైనుది.

అలా కాదు, ఆగు, అనుకున్నాను. తొందరపడి ఒక మాట అనేసుకోవడం నా పని కాదు. తేమ మీటరు తీసి గళ్ళు గళ్ళుగా గోడంతా చూశాను, సుద్దతో అంకెలు రాసుకుంటూ, పైకప్పు దగ్గర పద్దెనిమిది, స్విచ్చిబోర్డు మీద ఇరవై ఒకటి, ఎడమ మూల నుంచి రెండడుగులు ఇవతల, పైకప్పుకి అడుగు కింద, ముప్ఫై ఆరు. కిందివాటా వాల్వు తెరిచి అక్కడ మైకు పెడితే పాట అన్నిటికన్నా గట్టిగా వినిపించేది కూడా అక్కడే. రెండు పరికరాలూ ఒకే చోటికి వేలు చూపిస్తుంటే మూడో మాట లేదు. పైనుంచి దిగిన నిలువు పైపు గీజరు వైపు మళ్ళే వంపు అది. వంపు దగ్గర ఒక అతుకు. ఆ అతుకు ఎవరు వేశారో గోడకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది మామయ్య మణికట్టు బెణికింది. ఇసకకుప్ప మీద కూర్చుని గుడ్డ చుట్టుకున్న చేత్తో అది అక్కడ, ఇది ఇక్కడ అని చెప్పేవారు, నేను బిగించేదాన్ని. నాకు ఇరవై నాలుగేళ్ళు, ఒక్క ఏడాది అనుభవం, రెండేళ్ళంత పొగరు. ఇనప పైపుల రోజులు, పైపు కొసన మరలుంటాయి, ఆ మరల మీద నార చుట్టి, తెల్ల లేపనం పూసి, వంపు బిగించాలి, నీటిని ఆపేది ఆ నారే. మర ఎటు తిరిగితే నార అటే తిరగాలి, అప్పుడే బిగించేకొద్దీ లోపలికి నొక్కుకుంటుంది. నాది ఎడమచేతి వాటం. ఆయన కుడిచేత్తో చుడుతుంటే చూసి, అలాగే చుడుతున్నాననుకుని, అద్దంలో చేసినట్టు తిరగేసి చుట్టాను. బిగిస్తుంటే నార లోపలికి పోవలసింది పోయి, దువ్వని జుట్టులాగా బయటికి రేగింది. ఏదో తప్పని తెలిసింది, ఏమిటో తెలియలేదు. మామయ్య వీధి చివర కొట్టుకి ఇంకో వంపు తేవడానికి వెళ్ళారు. మేస్త్రీ సిమెంటు కలిపి పెట్టుకుని, అమ్మాయీ, అయిందా, మూసెయ్యమంటావా అని కేకేశాడు. నేను రేగిన నారని బ్లేడుతో నున్నగా గొరిగేశాను. లేపనం రెండింతలు పూశాను. అయింది అన్నాను. సాయంత్రం నీళ్ళు వదిలితే చుక్క రాలేదు, మామయ్య గోడ తట్టి, మా కోడలి పని అని ఇంటివాళ్ళకి చెప్పారు. ఇంటివాళ్ళంటే టీచరుగారే, అప్పుడు సన్నగా ఉండేవారు, జడ నడుం దాకా ఉండేది, ఆవిడకి నేను గుర్తులేను. నాలుగు నెలల తర్వాత ఇంకో ఇంట్లో నేను నార చుడుతుంటే మామయ్య చూసి, తిట్టలేదు, పైపు రెండో కొసకి నన్ను లేపి కూర్చోబెట్టి, ఇటునుంచి చుట్టు, నీ చెయ్యి సరైనదే, నువ్వు కూర్చున్న వైపు తప్పు అన్నారు. ఆ మాట నాకెంత నచ్చిందంటే, అంతకుముందు తప్పు వైపున కూర్చుని చుట్టినవి ఎన్ని ఉన్నాయో ఆయనకి చెప్పడం మర్చిపోయాను. మర్చిపోయానా. లేదు, మర్చిపోలేదు, ఊరుకున్నాను.

నిచ్చెన మీదే ఉన్నాను, ఇంకా ఇరవై నిమిషాలుంది, ఇల్లంతా నా కోసం ఊపిరి బిగబట్టుకుని ఉంది. ఏం చెప్పాలన్నది ఒక లెక్కగా చూస్తే చాలా తేలిక. ఇరవై ఆరేళ్ళ ఇనప పైపండీ, తుప్పు పట్టింది, ఏ పైపైనా అంతే అంటాను. అబద్ధం కూడా కాదు, కాస్తో కూస్తో తుప్పు ఉండే ఉంటుంది. నర్సు మీది నింద ఎలాగూ పోతుంది, రేపటి సమ్మెట ఎలాగూ రాదు, గోడ జానెడే పగులుతుంది, ఎవరికీ ఏ నష్టమూ లేదు, నా వ్యాను మీద వినండి, తర్వాతే కొట్టండి అని రాయించుకున్న అక్షరాలు అలాగే ఉంటాయి. ఆ మాట నాలిక మీదికి వచ్చేసింది కూడా. కానీ తుప్పు అని చెప్పి వెళ్ళిపోతే ఈ ఇల్లు తేలుతుంది గానీ, ఆ నాలుగు నెలల్లో నేను తిరగేసి చుట్టిన అతుకులు ఇంకో మూడిళ్ళలో ఉన్నాయి, వాటి గోడల వెనకాల కూడా ఎవరో పైవాళ్ళని అనుమానిస్తూ ఉండొచ్చు. తుప్పైతే నేను ఆ ఇళ్ళకి వెళ్ళక్కర్లేదు. నాదైతే వెళ్ళాలి. ఒక మేస్త్రీ కేకకి తొందరపడి అయింది అన్నందుకు, పన్నెండు రోజులు ఒక మనిషి రాత్రంతా నిలబడి వచ్చి స్నానానికి చోటు లేక తిరిగింది. ఇప్పుడు కూడా తుప్పు అంటే అది నేననే రెండో ‘అయింది’ అవుతుంది. ఇరవై నాలుగేళ్ళప్పుడు తెలియక భయపడ్డాను, యాభై ఏళ్ళొచ్చాక తెలిసి భయపడితే ఈ చెవులెందుకు, ఈ పెట్టెలెందుకు. పైగా ఇప్పుడు భయం వెయ్యలేదు, అది నాకే ఆశ్చర్యం, గోడని ఎలా బాగుచెయ్యాలో నాకు తెలుసు కదా, బాగుచెయ్యడం వచ్చినవాళ్ళకి తప్పు ఒప్పుకోవడం అంత బరువుండదు. హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాను.

"టీచరుగారూ, ఇక మాట్లాడొచ్చు," అన్నాను.

ఆవిడ గొంతు సవరించుకున్నారు. "పైదేనా?"

"కాదండీ. మీ లైనుదే. పైవాటా వాల్వు కట్టినా ఆగలేదు, మీది కడితే ఆగింది. రెండుసార్లు చూశాను, మీటరు కూడా అదే చెప్తోంది. పైవాళ్ళ నేలకీ దీనికీ ఏ సంబంధం లేదు, అప్పుడూ లేదు."

ఆవిడ గోడ మీది సుద్ద అంకెల్ని ఒక్కొక్కటీ చూశారు, వరసలో ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని కాబోలు. దొరకలేదు. "మరి మా పైపులు వేసిన పెద్దాయన చాలా మంచి పనివాడని..."

"మంచి పనివాడే. మా మామయ్య. ఆ అతుకు మాత్రం ఆయనది కాదు, నాది. నార తిరగేసి చుట్టాను. తప్పని తెలిసి కూడా మేస్త్రీని గోడ మూసెయ్యమన్నాను. మీ తోడికోడలికి జరిగిన నష్టం నా వల్ల. ఇవాళే గోడ తెరిచి సరిచేస్తాను."

ముందుగదిలో పేపరు ఒళ్ళోంచి జారిన చప్పుడైంది. టీచరుగారు నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. "టార్చి పట్టుకున్న అమ్మాయివి," అన్నారు, మీరు పోయి నువ్వు వచ్చింది, "ఎడమచేత్తో మంచినీళ్ళ గ్లాసు తీసుకుంటే మా అత్తగారు ఏదో అన్నారు నిన్ను." ఏమన్నారో నాకు గుర్తులేదు, ఆవిడకి గుర్తుంది. "ఇరవై ఆరేళ్ళు ఆగింది కదమ్మా," అన్నారు, "తప్పు చుడితేనే అన్నేళ్ళు ఆగిందా." తిట్టో మెప్పో తేలలేదు, రెండూ అయ్యుండొచ్చు.

పైన నర్సు నిద్రపోతోంది, లేపి చెప్పొస్తానని కదిలాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "నిద్రపోతోందన్నావు కదా. లేపకు."

"తప్పు నాది, చెప్పాల్సింది నేనండీ."

"అతుకు నీది," అన్నారు టీచరుగారు. "మాట నాది."

దానికి నా దగ్గర పరికరం లేదు. ఉలి తీసుకున్నాను. స్విచ్చిబోర్డుకి కరెంటు తీసేయించి, ముప్ఫై ఆరు అని రాసిన చోట జానెడు పలకగా గీసి, గీత దాటకుండా చెక్కాను, ఇటుక తడిసి రొట్టెముక్కలాగా ఊడొచ్చింది, వెనకాల పైపు, వంపు, వంపు మెడ చుట్టూ సన్నటి జల్లు, సూర్యుడి వెలుగు కిటికీలోంచి పడి దాంట్లో చిన్న రంగు తేలింది. కిందివాటా నీళ్ళు కట్టి వంపు విప్పాను. నార నల్లబడింది గానీ కుళ్ళలేదు, మర కుడికి పోతుంటే అది ఎడమకి పోయి ఉంది, నా ఇరవై నాలుగో ఏటి చెయ్యి, ఎవరి సంతకమూ అంత స్పష్టంగా ఉండదు. టీచరుగారు కుర్చీ ఎక్కి చూస్తానంటే చూపించాను. వేలితో తాకి, అవును, తిరగేసి ఉంది అన్నారు, కాపీ దిద్దినట్టు. పాత ముక్క కోసేసి కొత్త ముక్క వేశాను, బిగించాను, నీళ్ళు వదిలాను, ఈసారి నేనుగా అయింది అనలేదు, మైకు పెట్టి పావుగంట విన్నాను, టీచరుగారికి కూడా హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాను, ఏమీ వినపడటం లేదే అన్నారు, అదేనండీ వినాల్సింది అన్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మామయ్యకి చెప్పాను, ఎనభై నాలుగేళ్ళిప్పుడు, అంతా విని, గోడ ఎంత కొట్టావు అని అడిగారు, జానెడు అన్నాను, నేనైతే మూరెడు కొట్టేవాణ్ణి అన్నారు. తర్వాతి వారం మూడిళ్ళకీ వెళ్ళాను. ఒకటి ఎప్పుడో పడగొట్టి దుకాణాలు కట్టేశారు, రెండోదానిలో గోడ పొడిగా, నిశ్శబ్దంగా ఉంది, మూడోదానిలో అతుకు దగ్గర చెమ్మ మొదలవుతోంది, బొత్తామంత కూడా లేదు, వాళ్ళకింకా కంటపడలేదు, ఎందుకు వచ్చావమ్మా అని అడిగితే ఎందుకొచ్చానో చెప్పి, మార్చి వచ్చాను.

కానీ ఆ రోజు ఒంటిగంటకి ఇంకా ఆ వంటగదిలోనే ఉన్నాను. జానెడు కన్నం సిమెంటు పూసి మూసేలోపు, ఒక నీటికాపలా బిళ్ళ బిగిస్తానన్నాను టీచరుగారితో, అరచేతిలో సగం కూడా ఉండదు, తెల్లగా ఉంటుంది, పైపు కింద పెడితే దానికి చుక్క తగిలిన వెంటనే ఫోన్లకి కాల్ వెళ్తుంది, కింది వంటగదిలో నీళ్ళు అని ఒక ఆడగొంతు చెప్తుంది, మచ్చ బయటికి వచ్చేదాకా ఎనిమిది నెలలు కూర్చోనక్కర్లేదు, ఎవరినీ ఏమీ అనుకోనక్కర్లేదు. ఆ చివరిమాట అనకుండా ఉండాల్సింది, నోరు జారింది, ఆవిడ వెళ్ళి సింకులో చేతులు కడుక్కున్నారు. సింకు కింద ఒకటి, గీజరు కింద ఒకటి, గోడలో ఒకటి. దీనికి రెండు నంబర్లు ఇవ్వాలండీ, మీరు ఊళ్ళో లేకపోతే రెండోవాళ్ళు చూసుకోవాలి కదా అన్నాను. మొదటిది ఆవిడది వేశాను. రెండోది సార్‌దా అని అడిగాను. ఆయన ఫోన్లో ఎప్పుడూ చార్జింగ్ ఉండదు అన్నారు. ముందుగదిలోంచి నిజమే అన్నారు ఆయన, ఆ రోజంతట్లో ఆయన మాట్లాడింది అంతే. టీచరుగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగి, నంబరు చెప్పడం మొదలుపెట్టారు, రెండేసి అంకెలు, ఎక్కం ఒప్పజెప్పినట్టు, ఎక్కడా తడుముకోకుండా. సగంలోనే నాకు తెలిసింది, పొద్దున నా ఫోనుకి వచ్చిన నంబరే. మెట్ల దగ్గర ఆ మాట అన్న రోజు నుంచి ఆవిడ ఆ నంబరుకి చేసి ఉండరు. ఫోను బల్ల మీద ఉంది, దాన్ని చూడనైనా చూడలేదు.

పనిచేస్తుందో లేదో చూద్దామా అన్నాను. చెంచాతో నీళ్ళు తీసి బిళ్ళ మీద పోశాను. టీచరుగారి ఫోను బల్ల మీద మోగింది, వెంటనే పైకప్పు అవతల ఇంకో ఫోను. రెండు మోతలు, మూడు, ఆగింది, ఎత్తినట్టున్నారు. తర్వాత మంచం కిర్రుమంది, నేల మీద పాదాలు, చెప్పులు వెతుక్కోని పాదాలు, గుమ్మం దాటి, మెట్ల మీద.

"పరీక్షేనని కేకేసి చెప్పనా?" అన్నాను. "కంగారు పడుతోందేమో."

"వద్దు," అన్నారు టీచరుగారు. తువ్వాలు బల్ల మీద పెట్టి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, గుమ్మానికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు. "రానివ్వు."